మేము – మనము: లంబసింగి చలిలో నేర్చుకున్న పాఠము



గత డిసెంబరు నెలలో ఒక చిన్న సంఘము వారి పిలుపు అందుకొని మేము ఇద్దరము లంబసింగి ప్రాంతమునకు వెళ్ళాము. నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి చలి మొదలైంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలములో ఉన్న ఊరు ఇది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. మంచు చూడడానికి వచ్చే వారంతా దీనిని లంబసింగి అనే అంటారు. ఆ చుట్టుపక్కల వారికి మాత్రం ఇది కొర్రబయలు కూడా. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు వారు చెప్పుకొనే అర్థము. ఒకే ఊరికి రెండు పేర్లు ఉన్నాయంటే, అక్కడ ఒకటి కంటే ఎక్కువ భాషలు కాపురముంటున్నాయని అర్థము. ఆ సంగతి మాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ రాత్రి కూడిక ఒక కోందు కుటుంబము ఇంట్లో జరిగింది. పాటలు తెలుగులో, వాక్యము తెలుగులో. అయ్యగారు ఆ ఇంటి అవ్వను ప్రార్థన చేయమన్నారు. ఆమె కంఠతా పట్టిన రెండు తెలుగు వాక్యాలు మెల్లగా చెప్పింది. ఆగిపోయింది. తరువాత గొంతు తగ్గించి తన భాషలో మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె పక్కన పన్నెండేళ్ళ మనుమడు కూర్చుని ఉన్నాడు. ఆశ్రమ పాఠశాలలో చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు.

కూడిక అయిన తరువాత, "బాబూ, అవ్వ ఏమని ప్రార్థన చేసింది?" అని అడిగాము.

"తెలీదండి. నా పేరు మాత్రం వినబడింది" అన్నాడు.

ఆ మాట మమ్మును ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తన కోసం అవ్వ దేవుని ఏమి అడిగిందో ఆ పిల్లవానికి తెలియదు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఒకే దేవునికి మ్రొక్కారు. మధ్యలో ఒక భాష జారిపోయింది. ఇంటికి వచ్చిన తరువాత ఈ కొండల భాషలను గూర్చి పండితులు ఏమి కనుగొన్నారో వెదకి చదివాము. అందులో మన కుటుంబములు తెలుసుకొనదగిన సంగతులు చాలా ఉన్నాయి.

ఒకే కొండ, మూడు వంశములు

మైదానములో ఉన్న మనము, "అదేదో కొండబాస" అని ఒక్క మాటతో తేల్చేస్తాము. నిజానికి అరకు నుండి చింతపల్లి వరకు ఉన్న ఈ కొండలలో మూడు వేర్వేరు వంశాలకు చెందిన భాషలు పక్కపక్కనే ఉన్నాయి.

మొదటిది ద్రావిడ వంశము. కోందులు మాట్లాడే కువి, కొండదొరలలో కొందరు మాట్లాడే కొండ లేక కూబి, గదబలలో ఒక శాఖ వారు మాట్లాడే ఓల్లారి ఈ వంశమువి. రెండవది ముండా వంశము. గదబలలో మరొక శాఖ వారి గుతోబ్, ఇంకా ఉత్తరాన ఉన్న సవర ఈ వంశములోనివి. ఈ ముండా భాషలకు దూరపు బంధువులు ఎక్కడ ఉన్నారో తెలుసా? కంబోడియాలో, వియత్నాములో. మూడవది సంస్కృతమునకు, ఒడియాకు, హిందీకి చెందిన ఆర్య వంశము. ఆదివాసీ ఒడియా, వాల్మీకుల కుపియ ఇందులోనివి. ఇక భగతలు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు.

సంత రోజున ఈ మూడు వంశముల వారూ ఒకే చెట్టు క్రింద చోళ్ళు, మిరియాలు బేరమాడుకుంటారు. గదబలు ఒకే తెగ పేరు పెట్టుకొని, ఒక శాఖ వారు ద్రావిడ భాష, మరొక శాఖ వారు ముండా భాష మాట్లాడడము చూస్తే, మనుష్యులు ఎన్ని వేల ఏండ్లుగా ఈ కొండలలో కలిసి బ్రతికారో ఊహించుకొనవచ్చు.

గ్రియర్సన్ దొర నడిపించిన గొప్ప భాషా సర్వే సంపుటములు 1903 నుండి 1928 వరకు వెలువడ్డాయి. కాని మద్రాసు రాజధానిని, నైజామును ఆ సర్వే పరిధిలో చేర్చలేదు. అందుచేత అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న మన కొండలు ఆ లెక్కలోనికి సరిగా రాలేదు. ఆ తరువాత ఒక్కొక్కరుగా వచ్చి ఓపికగా విన్నవారి వలననే ఈ భాషల సంగతి లోకానికి తెలిసింది.

విన్నవారు నలుగురు

దక్షిణదేశములో సువార్త సేవ చేసిన రాబర్ట్ కాల్డ్వెల్, అటు తరువాత బిషప్పు అయినవాడు, 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము ప్రచురించాడు. తెలుగు, తమిళము, కన్నడము, మలయాళములతో పాటు గోండు, కోందు భాషలను కూడా ఆయన ఒకే కుటుంబములో లెక్కించాడు. అడవిలో ఉన్నవారి మాటను రాజాస్థానముల భాషల సరసన కూర్చోబెట్టడము ఆ కాలములో చిన్న సంగతి కాదు.

సాలూరు ప్రాంతములో పనిచేసిన జర్మను లూథరన్ మిషనరీ షుల్జే 1911లో కువి వ్యాకరణమును, 1913లో కువి పదకోశమును మద్రాసులో అచ్చు వేయించాడు. కువి మాటలను వరుసగా కాగితము మీద పెట్టిన తొలి పుస్తకములలో ఇవి ఉన్నాయి. సువార్త చెప్పడానికి వచ్చినవాడు, ముందు వినడము నేర్చుకున్నాడు.

మూడవవాడు మనవాడు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దగ్గర పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సంతకు వచ్చే సవరల మాట ఆయన చెవిని పడింది. ఆ భాష నేర్పే పుస్తకము లేదు. సవర మనిషినే గురువుగా పెట్టుకొని నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. మాట్లాడే తెలుగులోనే పుస్తకములు ఉండాలని పోరాడిన గిడుగు వారిని మనము ఎరుగుదుము. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవము జరుపుకుంటున్నాము. కాని జనుల నోటి మాటకు విలువ ఇవ్వడము ఆయన నేర్చుకున్నది ఒక కొండ భాష దగ్గర కూడానని మనలో ఎంతమందికి తెలుసు?

నాలుగవవారు ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు. అరకు లోయలో కొండదొరల మధ్య కూర్చుని, వారి మాటలు వ్రాసుకొని, 1969లో కొండ భాష మీద పెద్ద గ్రంథము ప్రచురించారు. హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ దానిని అచ్చు వేసింది. 2012లో కన్నుమూసే వరకు ఆయన ద్రావిడ భాషల పరిశోధనలోనే జీవించారు.

మనము పోగొట్టుకున్నవి వారి నోట ఉన్నాయి

ఈ పరిశోధనల వలన తేలినది ఏమిటి? పెద్ద మాటలు విడిచి, మన ఇంటి ఉదాహరణలతోనే చూద్దాము.

పాత పెద్దబాలశిక్ష చదువుకున్న తాతగార్లకు బండిర జ్ఞాపకముంటుంది. మామూలు 'ర' వేరు, బండిర 'ఱ' వేరు అని పలక మీద దిద్దించేవారు. ఎందుకు వేరో అడిగితే చెప్పేవారు లేరు. ఎందుకంటే తెలుగువారి నోట ఆ రెండు శబ్దాలూ ఎప్పుడో కలిసిపోయాయి. అక్షరము మిగిలింది, శబ్దము పోయింది. కొండ భాషలో మాత్రము ఆ రెండూ ఈనాటికీ వేర్వేరుగానే పలుకుతున్నాయి. అరకు లోయలో అక్షరము ముక్క రాని కొండదొర ముసలివాడు, మన పండితులు మరచిపోయిన శబ్దమును పొరపాటు లేకుండా పలుకుతాడు.

అరసున్న కూడా అంతే. పాత పుస్తకములలో 'వాఁడు', 'మూఁడు' అని మధ్యలో అరసున్న పెట్టి వ్రాసేవారు. అది ఒకప్పుడు అక్కడ ఉండిన 'న'కారపు గుర్తు. కొండ భాషలో 'వాడు' అనడానికి 'వాన్ఱు' అంటారు. 'మూడు' అనడానికి 'మూన్ఱి' అంటారు. మన దగ్గర సున్నలో సగమై, తరువాత అది కూడా చెరిగిపోయిన ధ్వని వారి దగ్గర నిండుగా ఉన్నది.

ఇంకొకటి. చెట్టును తమిళులు 'మరం' అంటారు. కొండ భాషలో 'మరన్'. మన పాత తెలుగులో 'మ్రాను', ఇప్పుడు 'మాను'. కోందుల కుయి భాషలో 'మ్రహ్ను'. చూడండి: మధ్యలో ఉన్న 'ర'ను ముందుకు జరుపుకున్నవారు తెలుగువారు, కోందులు. తమిళులు జరపలేదు. అలాగే తమిళములో 'ఇరండు', తెలుగులో 'రెండు', గోండీలో 'రండ్', కుయిలో 'రీ'. ముందున్న అచ్చును వదలి 'ర'తో మొదలుపెట్టడము తెలుగు వైపు వారందరిలోనూ కనిపిస్తుంది. ఒకే ఇంట పెరిగిన పిల్లలకు ఒకే రకమైన నడక వస్తుంది గదా! ఇటువంటి ఆధారములతోనే, తెలుగునకు దగ్గరి తోబుట్టువులు తమిళ, కన్నడములు కావని, గోండి, కొండ, కువి, కుయి, పెంగో, మండ భాషలని కృష్ణమూర్తి గారు 1961 నాటి గ్రంథము మొదలుకొని చూపిస్తూ వచ్చారు.

ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 2018లో డెహ్రాడూన్ లోని భారత వన్యప్రాణి సంస్థకు చెందిన విష్ణుప్రియ కొలిపాకం గారు, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పండితులతో కలిసి, 20 ద్రావిడ భాషల మాటలను ఆ భాషలు మాట్లాడేవారి దగ్గర నుండే సేకరించి లెక్క కట్టారు. చేయి, నీరు, రాయి వంటి అనుదిన మాటలే వారి పనిముట్లు. ఏ రెండు భాషలలో ఎన్ని మాటలు ఒకే వేరు నుండి వచ్చాయో చూసి, వంశవృక్షము గీశారు. ఈ కుటుంబము వయస్సు సుమారు 4500 ఏండ్లని వారి అంచనా. అందులోనూ తెలుగు నిలిచిన కొమ్మ గోండి, కోయ, కువి భాషల కొమ్మయే.

కాబట్టి ప్రియులారా, కువి మాట వినబడితే నవ్వే తెలుగువాడు తన సొంత అక్కను చూసి నవ్వుతున్నాడు.

బడి గడప దగ్గర

ఇక ఆ మనుమని సంగతికి వద్దాము. పలక మీద నీటి బొమ్మ వేసి 'నీరు' అని వ్రాస్తే తెలుగు పిల్లవానికి అక్షరము ఒక్కటే కొత్త. కువి పిల్లవానికి అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. అతని ఇంట్లో నీటిని 'ఏయు' అంటారు. కొండ భాష పిల్లవాని ఇంట్లో 'ఏరు' అంటారు. ఏరు అంటే మనకు పారే వాగు, వారికి కుండలోని నీళ్ళు కూడా. ఉపాధ్యాయుడు అడిగినది అర్థము కాక పిల్లవాడు ఊరుకుంటాడు. "వీడికి చదువు రాదు" అని పేరు పడుతుంది. వానికి రానిది చదువు కాదు, ఆ బడి భాష.

ఇంటి భాషలో ప్రాథమిక విద్య చెప్పించడానికి రాష్ట్రములు పాటుపడాలని రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెబుతున్నది. ఆ ప్రకారము, రాష్ట్రము విడిపోకముందు 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 240 పాఠశాలలలో ఒక మంచి ప్రయత్నము మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలలో పాఠ్యపుస్తకములు వచ్చాయి. అక్షరములు తెలుగువే, మాటలు ఇంటివి. మొదట ఇంటి భాషలో చదవడము, వ్రాయడము నేర్పి, ఆ మెట్టు మీద నుండి క్రమముగా తెలుగులోనికి తీసుకొని రావడము దాని పద్ధతి. ఒక భాషలో చదవడము వచ్చిన పిల్లవానికి రెండవ భాషలో చదవడము సులువు. ఈత ఒక చెరువులో నేర్చినవాడు మరొక చెరువులో మునిగిపోడు.

మరొక వైపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన ఆచార్య సత్తుపాటి ప్రసన్నశ్రీ గారు ఈ తెగల భాషలకు ప్రత్యేక లిపులే రూపొందించారు. ఆ కృషికి ఆమెకు నారీశక్తి పురస్కారము లభించింది. తెలుగు లిపి చాలునా, వేరే లిపి కావాలా అన్నది ఆయా తెగల వారు నిర్ణయించుకొనవలసిన సంగతి. వ్రాయడము మాత్రము ఆలస్యము చేయదగినది కాదు. 2011 జనగణనలో కొండ భాషను తల్లిభాషగా చెప్పినవారు దేశమంతటిలో సుమారు 60 వేల మంది. కొండదొరల సంఖ్య అంతకంటే ఎంతో ఎక్కువ. అంటే చాలామంది ఇళ్ళలో ఆ మాట అప్పుడే వెళ్ళిపోయిందన్నమాట. ఐక్యరాజ్యసమితి 2022 నుండి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దముగా ప్రకటించినది కూడా లోకమంతటా ఇదే జరుగుతున్నందుననే.

తెలుగు నేర్చుకోవద్దని ఎవరూ అనడము లేదు. ఆసుపత్రికి, కచేరీకి, కాలేజీకి తెలుగు కావాలి. అవ్వ దగ్గరకు కువి కావాలి. పిల్లవానికి రెండు చేతులు ఇచ్చిన దేవుడు రెండు భాషలు మోయగల బుర్ర కూడా ఇచ్చాడు.

దేవుడు "మేము"లో ఉన్నాడా, "మనము"లో ఉన్నాడా?

ఇంతకూ ఆ రాత్రి జరిగిన మరొక సంగతి చెప్పలేదు. కూడిక తరువాత అందరమూ చలిమంట చుట్టూ కూర్చున్నాము. అవ్వ మాకు వేడి వేడి చోడి అంబలి ఇస్తూ ఏదో అన్నది. అయ్యగారు మైదానము నుండి వచ్చినవారే గాని, కొన్నేళ్ళుగా కువి నేర్చుకుంటున్నారు. ఆయన నవ్వి, "చూశారా, అవ్వ మిమ్మల్ని కలుపుకున్నది" అన్నారు. మాకు అర్థము కాలేదు. అప్పుడు ఆయన వివరించారు.

తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటి మనిషిని విడిచి చెబితే మేము. కలుపుకొని చెబితే మనము. ఇంగ్లీషులో, హిందీలో రెంటికీ ఒక్కటే మాట. కాని కువిలోనూ ఈ భేదము ఉన్నది. 'మాంబు' అంటే మేము, 'మారో' అంటే మనము. కొండ భాషలో 'మాప్' అంటే మేము, 'మాట్' అంటే మనము. ఇది మన కుటుంబము సొత్తు.

ఈ చిన్న భేదము బైబిలు అనువాదకులకు పెద్ద పరీక్ష. ప్రభువు నేర్పిన ప్రార్థనలో తండ్రిని 'మా' తండ్రీ అని పిలుస్తాము, 'మన' తండ్రీ అని కాదు. మా పాపములు క్షమించుమని అడుగుతాము. అక్కడ 'మన' అని వ్రాస్తే పాపుల లెక్కలో దేవుని కూడా చేర్చినట్లవుతుంది! తుఫానులో శిష్యులు ప్రభువును నిద్ర లేపి నశించిపోతున్నామని కేక వేసిన సందర్భము చూడండి. ఆ మాటలో దోనెలో ఉన్న ప్రభువు కూడా ఉన్నాడా, లేడా? ఇంగ్లీషు చదువరికి ఈ ప్రశ్నే పుట్టదు. తెలుగు, కువి అనువాదకుడు మాత్రము కలము ఆపి ఆలోచించాలి. కొండ భాషలు అనాగరికమైనవనే వారు ఈ సూక్ష్మమును ఒకసారి గమనించాలి.

అవ్వ ప్రార్థనలో దేవునితో 'మాంబు' అన్నది. చలిమంట దగ్గర మాతో 'మారో' అన్నది. "మారో తిందాము" అని ఆమె పిలిస్తే, మేము కొత్తవారిలా చూస్తూ కూర్చున్నాము.

మన ఇండ్లలో ఏమి చేయవచ్చు?

పెంతెకొస్తు దినమున కూడివచ్చిన జనులలో ప్రతివాడును తన తన భాషలో విన్నాడని అపొస్తలుల కార్యములలో చదువుతాము. ఆ దినమున పరిశుద్ధాత్మ అందరికీ ఒకే భాష నేర్పలేదు. ఎవరి భాషలో వారికి వినిపించాడు. కొండ సంఘములలో మనము తెలుగు పాటల పుస్తకము పంచిపెట్టి పని అయిపోయిందనుకున్నామేమో ఒకసారి పరీక్షించుకుందాము.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. కుటుంబ ప్రార్థనలో అవ్వ, తాత తమ భాషలోనే ప్రార్థించనివ్వండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టి అర్థము అడగనివ్వండి. సెలవులకు వచ్చిన పిల్లవాని చేతికి ఒక నోటుపుస్తకము ఇచ్చి, రోజుకు పది మాటలు అవ్వ నోటి నుండి వ్రాయించండి. చెట్లు, దుంపలు, పిట్టలు, చుట్టరికాలు, విత్తనాలు, ఇవి ముందు వ్రాయాలి. ముందు పోయే మాటలు ఇవే. చేతిలో ఫోను ఉంటే పాటను, కథను పట్టి ఉంచండి. మైదానము నుండి కొండకు సేవకు వెళ్ళేవారు బోధించే ముందు ఒక సంవత్సరము వినడము నేర్చుకోండి. షుల్జే, గిడుగు వారు చేసినది అదే.

మరునాడు తెల్లవారి మేము బయలుదేరే వేళకు మంచు ఇంకా విడలేదు. మా దగ్గర ఉన్న చిన్న నోటుపుస్తకము ఆ పిల్లవానికి ఇచ్చాము. రాత్రి అవ్వ ఏమని ప్రార్థన చేసిందో ఆమెనే అడిగి ఇందులో వ్రాయమన్నాము. వాడు సిగ్గుపడుతూ అవ్వ దగ్గరకు వెళ్ళి అడిగాడు. ఆమె ఒక్కొక్క మాట చెబుతుంటే అయ్యగారు అర్థము చెప్పారు. వాడు తెలుగు అక్షరములలో వ్రాసుకున్నాడు. నాలుగో మాట దగ్గర తల ఎత్తి అవ్వ ముఖములోనికి చూశాడు. ఆ మాట ఏమిటో మేము అడగలేదు. అది వారిద్దరి మధ్యది.

ఆ చూపు చాలు. అటువంటి చూపు మన ప్రతి ఇంటిలోను దేవుడు అనుగ్రహించును గాక. కొండను, మైదానమును ఆయన "మనము" అనే ఒక్క మాటలో చేర్చును గాక.